కూలా, ధర్మమా?

2019 అక్టోబరులో ఒక సాయంత్రం మా నాన్న రెండొందలు పట్టుకుని పక్క సందులో ఒకామె ఇంటికెళ్లాడు. కాసేపటికి అదే రెండొందలతో తిరిగొచ్చాడు. ఆ రాత్రి అన్నం తినలేదు.

మాది ధవళేశ్వరం దగ్గర మాలపేట. మా తాత ఒక ఆసామి దగ్గర పాలేరు. నాన్న పద్నాలుగో ఏట బొచ్చెలు మోయడానికి రాజమండ్రి వెళ్లాడు. తాపీ ఎవరూ చేతికివ్వలేదు. మేస్త్రీలు మధ్యాహ్నం అన్నాలకి కూర్చుంటే దొంగచాటుగా నాలుగు వరసలు పేర్చి, వాళ్లు లేచేలోగా విప్పేసేవాడంట. తాపీ తనదవ్వడానికి ఆరేళ్లు పట్టింది. ఆ తర్వాత ముప్పయ్యేళ్లు ఇళ్లు కట్టాడు. పూజగది మట్టం చూసింది ఆయనే. గృహప్రవేశం నాడు అరుగు మీదే పంచె పెట్టి పంపేసేవారు. ఆ గోడల కూలితోనే నేను బీఈడీ చదివి పంతులునయ్యాను. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది.

2019 జూన్‌లో కొత్త ప్రభుత్వం పాత ఉచిత ఇసుక పద్ధతి ఆపేసింది. కొత్త విధానం సెప్టెంబరు 5న వచ్చింది. స్టాకుయార్డులో టన్ను 375 రూపాయలన్నారు. ఈలోగా గోదారికి వరద మీద వరద. ర్యాంపులు మునిగిపోయాయి. గోదారి ఒడ్డునుండి ఇసుక లేదంటే నవ్వొస్తుంది. కానీ పనుల్లేక భవన కార్మికులు ప్రాణాలు తీసుకుంటున్నారని పేపర్లు రాసిన రోజులవి. వీళ్ల కోసం 1996లో కేంద్రం చట్టం చేసింది. ప్రమాదం, పెన్షను, ప్రసూతి అన్నీ రాశారు. పని దొరకని రోజు అన్న మాట మాత్రం ఆ వరసలో లేదు.

తెల్లారి ఆరింటికి అడ్డాలో వందమంది. మేస్త్రి కూలి ఎనిమిదొందలు. ఆ రోజు ఒక కాంట్రాక్టరు వచ్చి, ఇటుకలు మోయడానికి ఒక్క మనిషి కావాలి, నాలుగొందలన్నాడు. నాన్న పక్కనే పన్నెండేళ్లుగా ఆయనకి బొచ్చెలందించినామె నిలబడుంది. అది ఆమె పని. కాంట్రాక్టరు నాన్ననే చూశాడు. "నువ్వొస్తే గోడ కూడా ఓ కంట చూస్తావు. లేపోతే మీవాళ్లకి పొలం పనులుంటాయి కదా, వెళ్లు" అన్నాడు.

నాన్న బండెక్కాడు. ఆమె ఖాళీ కేరేజీతో కాదు, తినని కేరేజీతో ఇంటికెళ్లింది. సాయంత్రం నాన్న సగం డబ్బు ఇవ్వబోతే, "ఇది కూలి కాదన్నయ్యా, ధర్మం. నాకొద్దు" అందంట.

ఆ మాట నన్నిప్పటికీ వదల్లేదు. నాన్న తప్పు చేశాడా? "మానెయ్ నాన్నా, నా జీతముందిగా" అన్నాను. "నీ జీతం నీ పనిది. మరి నా పనేదిరా?" అన్నాడు. జీతగాడిని కదా, నాకు జవాబు దొరకలేదు.

2022 ఫిబ్రవరి 3న పీఆర్సీ కోసం చలో విజయవాడకి నేనూ వెళ్లాను. మాకు తగ్గకూడదన్నది హక్కయింది. అడ్డాలో మేస్త్రి ఎనిమిదొందలకి తగ్గనంటే మాత్రం అది పొగరు. ఈ ఏడు పిల్లలు తక్కువ, గంట కొట్టు, అటెండరు జీతమిస్తామని నాతో ఎవరూ అనరు. నాన్నతో అన్నారు. అంతటితో ఆగకుండా పొలానికి పొమ్మన్నారు. తాత చేసిన పాలేరుతనం మాకెప్పుడూ ఖాళీగానే ఉంటుంది. నాన్న ఆరేళ్లు దొంగతనంగా నేర్చుకున్న పనే మాది కాకుండా పోతుంది.

ఆకలితో మెట్టు దిగినవాడిది తప్పని నేననలేను. కానీ కింది మెట్టు ఖాళీగా ఉండదు. అక్కడ ఎక్కువసార్లు ఒక ఆడమనిషి నిలబడి ఉంటుంది. ఆ రోజు ఆ కాంట్రాక్టరు నాలుగొందలకి రెండు పనులు కొనుక్కున్నాడు, నాన్న పనితనం, ఆమె పని. అప్పు పడింది మాత్రం నాన్నా ఆమే ఒకరికొకరు.

మర్నాడు నాన్న అడ్డాలో ఓ మాట పెట్టాడు. మేస్త్రీ, కూలీ జంటగానే వెళ్లాలి. ఎంతొస్తే అంత సగం సగం. సాయంత్రం ఇచ్చే సగం ధర్మమైతే, పొద్దున్నే ఒప్పుకున్న సగం కూలి. ఆమె కూడా సరేనంది. పదకొండు రోజులు నిలబడింది ఆ మాట. కొందరికి పనే దొరకలేదు, అయినా నిలబడ్డారు. పన్నెండో రోజు ఓ కుర్ర మేస్త్రి ఒంటరిగా బండెక్కాడు. అందరూ తిట్టారు. నాన్న తిట్టలేదు.

"ఆడి పిల్లకి జొరం రా" అన్నాడు. మర్నాడు తెల్లారకుండానే లేచి, ఆ కుర్రాడింటికి వెళ్లాడు, మళ్లీ జంటలోకి రమ్మని పిలవడానికి.