ఆదేశమా, ఆగమమా? : పెంపుడు కుక్కల మరణానంతరం కొత్త పిల్లల రాకపై ఒక నైతిక విచారణ

ప్రస్తావన

పెంచిన కుక్క పోయిన ఇంటికి మరో కుక్కపిల్లను తెచ్చుకోవడం తప్పా? ఒక పరిశోధన పత్రికకు ఇది మరీ ఇంటి విషయంగా కనిపించవచ్చు. కాని దీని అడుగున ఒక పాత చిక్కు ఉంది. ఒక ప్రాణి మరొక ప్రాణికి బదులు కాగలదా? కాగలిగితే మన మొదటి ప్రేమ ఆ ప్రాణి మీద కాక, అది నింపిన ఖాళీ మీదనే ఉండినదని ఒప్పుకోవాలి. కాలేకపోతే, రెండవ ప్రాణిని ఇంటికి తెచ్చి మనం చేస్తున్న పని ఏమిటో చెప్పాలి.

ఈ ప్రశ్న నాకు పుస్తకాలలో ఎదురుకాలేదు. నిరుడు ఐదు నెలల వ్యవధిలో మా ఇంట రెండు కుక్కలు పోయాయి. చిట్టికి 12 ఏళ్లు. మూత్రపిండాలు చెడిపోయి పోయింది. రాజు దానికంటే ఏడాది పెద్దది. చిట్టి పోయిన తరువాత నెమ్మదిగా తిండి తగ్గించి, ఒక వేకువన వరండాలో లేవలేదు. మరో రెండు నెలలకు మా వీధి చివర గడ్డివాము కింద ఒక ఊరకుక్క ఈనింది. పిల్లలకు రెండు నెలలు నిండాక అందులో రెండింటిని నేను ఇంటికి తెచ్చాను. అమ్మను అడగలేదు. అమ్మ వాటిని చూసి అన్న మాట ఇది: “వాటి గిన్నెలు ఇంకా అటకెక్కనే లేదురా. అప్పుడే వాటి చోట వీటిని పడుకోబెడతావా?”

ఆ మాటకు నా దగ్గర అప్పుడు సమాధానం లేదు. ఈ వ్యాసం ఆ సమాధానం కోసం చేసిన ప్రయత్నం.

‘చోటు’ అన్న మాట

అమ్మ అభ్యంతరమంతా ‘చోట’ అనే మాటలో ఉంది. సంధి ప్రకరణం చదివినవారికి ఈ మాట కొత్త కాదు. ఒక వర్ణం చోట మరొక వర్ణం రావడం ఆదేశం. ఉన్న వర్ణాలు ఉండగానే మరొకటి అదనంగా వచ్చి చేరడం ఆగమం. ఆదేశం శత్రువు వంటిది, ఆగమం మిత్రుని వంటిది అని తరగతి గదిలో చెప్పే పోలిక మనందరం విన్నదే. శత్రువు ఉన్నవానిని లేపి ఆ పీట మీద తాను కూర్చుంటాడు. మిత్రుడు తన పీట తాను వాల్చుకొని పక్కన కూర్చుంటాడు. ‘వాడు గొట్టె’ అన్నప్పుడు ‘కొట్టె’లోని కకారం ఇక లేదు, దాని చోట గకారం ఉంది. ‘మాయమ్మ’ అన్నప్పుడు రెండు అచ్చులూ ఎక్కడివక్కడే ఉన్నాయి. యకారం వాటి నడుమకు వచ్చింది, అంతే.

కొత్త కుక్కపిల్లను తేవడం తప్పు అనేవారు దాని రాకను ఆదేశంగా భావిస్తున్నారు. ఆశ్చర్యమేమంటే, తప్పు కాదు అనేవారిలో కూడా చాలామంది అలాగే భావిస్తారు. “ఇంకొకటి తెచ్చుకుంటే ఆ బాధ మరిచిపోతారు” అని మా ఇంటికి వచ్చిన ప్రతివారూ అన్నారు. అది ఓదార్పే, సందేహం లేదు. కాని అందులో పోయిన కుక్కకూ న్యాయం లేదు, రాబోయే కుక్కకూ న్యాయం లేదు.

ఈ పోలికకు ఒక న్యాయమైన ఆక్షేపణ ఉంది. యడాగమానికి రెండు అచ్చులూ ఎదుట ఉండాలి. ఇక్కడ ఒకటి పోయింది కదా? పోయినదానికి వ్యాకరణం పెట్టిన పేరు లోపం. పాణిని లోపాన్ని నాశంగా నిర్వచించలేదు, కనబడకపోవడంగా నిర్వచించాడు. అంతేకాదు, ప్రత్యయం లోపించినా దానివల్ల జరగవలసిన కార్యం జరుగుతుందని మరొక సూత్రం చేశాడు. మా ఇంట్లో తెల్లవారుజామున పాలవాడి సైకిల్ గంట వినగానే అమ్మ లేచి, కుక్కలను బయటికి వదలడానికి పెరటి తలుపు తీసేది. రెండూ పోయిన తరువాత కూడా తీస్తూనే ఉంది. తలుపు తీసి, ఒక క్షణం నిలబడి, మళ్లీ వేసేది. ప్రత్యయం లేదు, కార్యం ఉంది. కాబట్టి పోయినవాటికి ఇంట్లో స్థితి లేదని చెప్పడానికి వీలులేదు. కొత్తవి వాటి పక్కకే వచ్చి చేరుతున్నాయి.

స్థానివద్భావం చేసే అన్యాయం

ఆదేశ భావనలో మరొక ప్రమాదం ఉంది. ఆదేశం, తాను ఎవరి చోటికి వచ్చిందో ఆ స్థానికి చెందిన ధర్మాలను వహిస్తుందని శాస్త్రం చెబుతుంది. వ్యాకరణంలో ఇది గొప్ప సౌకర్యం. ఇంట్లో ఇది క్రూరత్వం కావచ్చు. చిట్టి ఉరుములకు భయపడేది కాదు కనుక ఈ పిల్ల కూడా భయపడరాదు. రాజు గుమ్మం దాటి లోపలికి వచ్చేవాడు కాదు కనుక ఇది కూడా రాకూడదు. తెచ్చిన మొదటి పక్షం రోజులు నేను చేసినది సరిగ్గా ఇదే. రెండు పిల్లల్లో నల్లదానిని తెలియకుండానే “చిట్టీ” అని పిలిచాను. అది తోకాడిస్తూ వచ్చింది. పిలిచింది నేనని వచ్చిందే తప్ప, పేరు తనదని కాదు. అమ్మ వంటింట్లోంచి, “దాన్ని ఆ పేరుతో పిలవకు” అంది.

ఈ స్థానివద్భావానికి మన కాలం చూపిన పరాకాష్ఠ క్లోనింగ్. 2005లో దక్షిణ కొరియాలో స్నప్పీ అనే మొదటి క్లోన్ కుక్క పుట్టింది. ఆ తరువాత చనిపోయిన పెంపుడు కుక్క కణాల నుంచి మరొక కుక్కను పుట్టించి ఇచ్చే వ్యాపారం వచ్చింది. జన్యువులు అవే కావచ్చు, గడిపిన 12 ఏళ్లు ఆ కణాలలో ఉండవు. అందుకు డబ్బు చెల్లించేవారి దుఃఖాన్ని నేను శంకించను. కాని పుట్టిన ఆ పిల్ల మొదటి రోజు నుంచే మరొకరి జీవితానికి జవాబుదారీగా బతకాలి. దానికంటే ఊరకుక్క పిల్ల అదృష్టం మేలు.

తాత్త్వికులలో ఈ బదులు సమస్యను సూటిగా చర్చించినవాడు పీటర్ సింగర్. 1979 నాటి ‘ప్రాక్టికల్ ఎథిక్స్’లో ఆయన ఆత్మస్పృహ లేని ప్రాణుల విషయంలో, ఒకదానికి బదులు అంతే సుఖంగా బతికే మరొక ప్రాణి ఉంటే లోకంలోని సుఖం మొత్తం తగ్గదనే వాదాన్ని పరిశీలించాడు, తరువాతి ముద్రణలలో దానిని మళ్లీ విచారించాడు. ఆ లెక్కలో సుఖం ఉంది, సంబంధం లేదు. లెక్క తప్పని నేను అనను. పెరటి తలుపు దగ్గర నిలబడిన మనిషికి ఆ లెక్కతో పని లేదని మాత్రం అంటాను.

అయితే ఆదేశం న్యాయమైన సందర్భం కూడా ఉంది. గొర్రెల మందను కాచే కుక్క పోతే కాపరి వారం తిరగకుండా మరొక కుక్కను తెచ్చుకొంటాడు. అక్కడ ఖాళీ అయినది ఒక కొలువు, కొలువును భర్తీ చేయవలసిందే. అంతమాత్రాన కాపరికి పోయిన కుక్క మీద ప్రేమ లేదనుకోవడం పట్నవాసపు పొరపాటు. అతడు కొలువునూ కుక్కనూ వేరుగా చూడగలుగుతున్నాడు. మా వంటి ఇళ్లలో కుక్కకు కొలువంటూ లేదు కనుక, ఆ రెండూ కలిసిపోయి గందరగోళం పుట్టింది.

పేరు పెట్టడం

పోయినవారి పేరును వచ్చినవారికి పెట్టే ఆచారం మన కుటుంబాల్లో గాఢంగా ఉంది. తాత పేరు మనుమనికి, నాయనమ్మ పేరు మనుమరాలికి వస్తుంది. దీనిని ఎవరూ ఆదేశంగా భావించరు. తాత చోట మనుమడు వచ్చాడని, కనుక తాతను మరిచిపోవచ్చని ఏ ఇంట్లోనూ అనుకోరు. పైగా ఆ పేరు వచ్చిన తరువాత పిలుపులో ఒక జాగ్రత్త మొదలవుతుంది. నాయనమ్మ భర్త పేరు పలకదు కనుక పిల్లవాడిని మరో ముద్దుపేరుతో పిలుస్తుంది. మామగారి పేరు పెట్టుకొన్న కొడుకును ఆ పేరుతో తిట్టడానికి కోడలికి నోరు రాదు. కాగితం మీద పేరు ఒకటి, ఇంట్లో పిలుపు మరొకటి. ఆ రెండింటి మధ్య ఉన్న ఎడంలోనే పోయినవారి గౌరవమూ వచ్చినవాడి స్వేచ్ఛా కుదురుకొంటాయి. తెలుగు కుటుంబం సిద్ధాంతంగా చెప్పకుండా ఆచరణలో సాధించిన నైతిక పరిష్కారం ఇది అని నా అభిప్రాయం.

కుక్కల పేర్ల విషయంలో మనం ఈ జాగ్రత్త తీసుకోము. ఒకే ఇంట్లో వరుసగా మూడు టామీలు ఉండడం అందరికీ తెలిసినదే. మొదట నాకు ఇది నిర్లక్ష్యం అనిపించేది. ఇప్పుడు అంత కచ్చితంగా చెప్పలేను. కొన్ని ఇళ్లలో అది కొలువు పేరు, కొన్ని ఇళ్లలో వంశం పేరు. ఏది ఏదో తెలియాలంటే ఆ ఇంట్లో మొదటి టామీ కథ ఇంకా చెప్పుకొంటున్నారా అని అడిగితే చాలు.

బతికి ఉన్నవాటి హక్కు

కుక్కను గురించిన నైతిక చర్చ మహాప్రస్థానిక పర్వాన్ని తాకకుండా సాగదు. తెలుగులో ఆ పర్వం తిక్కన రచన. కుక్కను విడిచి రథమెక్కమన్న ఇంద్రునితో ధర్మరాజు చేసిన వాదంలో, సంస్కృత మూలంలో, సాధారణంగా మనం దాటిపోయే ఒక అంశం ఉంది. తమ్ములనూ ద్రౌపదినీ దారిలో విడిచి వచ్చినవాడివి, కుక్కను విడవలేవా అని ఇంద్రుడు ఎత్తిపొడుస్తాడు. ధర్మరాజు జవాబు: చనిపోయినవారితో పొత్తూ లేదు, పగా లేదు, వారిని బతికించడం నా వల్ల కాదు, బతికి ఉండగా వారిని నేను విడవలేదు. నన్ను నమ్మి వెంట వచ్చినది బతికి ఉంది, దీనిని విడవడం పాపం.

ఈ వాదంలో సగం నాకు ఉపకరించింది, సగం ఉపకరించలేదు. మృతులతో పొత్తు లేదన్నది నేను ఒప్పుకోలేను. తలుపు తీసే చేయి దానికి ఎదురు సాక్ష్యం. కాని హక్కు అడగగలిగేది బతికి ఉన్న ప్రాణి మాత్రమే అన్నది కాదనలేని మాట. ఇంకా ఎన్నాళ్లు ఆగాలి అన్న ప్రశ్నకు కూడా ఇందులోనే సమాధానం ఉంది. మృతుల కోసం పాటించవలసిన గడువంటూ లేదు. (పార్వో వ్యాధితో కుక్క పోయిన ఇంట్లో మాత్రం, ఆ వైరస్ నేలలో నెలల తరబడి నిలిచి ఉంటుంది కనుక, టీకాలు పూర్తికాని పిల్లను తేకూడదని పశువైద్యులు చెబుతారు. ఆ గడువు బతికి ఉన్నదాని కోసం.)

ఫ్రాయిడ్ రాతకూ ఆచరణకూ మధ్య ఇదే తేడా కనిపిస్తుంది. 1917 నాటి వ్యాసంలో దుఃఖం అంటే పోయినవారి నుంచి మనసును మెల్లగా విడదీసుకోవడమని సిద్ధాంతీకరించాడు. కూతురు పోయిన తొమ్మిదేళ్లకు, 1929లో, కొడుకును పోగొట్టుకొన్న మిత్రుడు బిన్స్వాంగర్‌కు రాసిన ఉత్తరంలో ఆ ఖాళీ ఎన్నటికీ నిండదని, నిండకపోవడమే సరి అని ఒప్పుకొన్నాడు. 1937లో ఆయన కుక్క జోఫీ చనిపోయింది. ఆ వెంటనే, అంతకుముందు ఇతరుల వద్ద ఉంచిన లున్ అనే కుక్కను ఇంటికి తెచ్చుకొన్నాడు. ఈ రెంటికీ వైరుధ్యం ఉందని నేను అనుకోను. నిండని ఖాళీ పక్కనే మరొక కుక్క పడుకోగలదు.

భాగవత పంచమ స్కంధంలోని భరతుని కథను ఎదురుగా పెట్టవచ్చు. తెలుగులో ఈ స్కంధాన్ని గంగన రచించాడు. తల్లిని కోల్పోయిన లేడిపిల్లను పెంచి, దానినే తలుస్తూ మరణించి, లేడిగా పుట్టిన రాజు కథ మమకారానికి హెచ్చరికగానే మనకు బోధపడుతూ వచ్చింది. ఒకసారి బంధంలో పడి బాధపడినవాడు మళ్లీ అదే బంధాన్ని ఎందుకు కోరాలి? సంసారాన్ని విడిచి అడవికి పోయిన భరతునికి ఆ హెచ్చరిక తగినదే. కాని నీటిలో కొట్టుకుపోతున్న లేడిపిల్లను గట్టుకు చేర్చిన క్షణాన్ని ఆ కథ కూడా తప్పుగా చూపదు.

పిల్లల తల్లి

ఇంతవరకు చేసిన చర్చలో లోటు ఒకటి ఉంది. మన దుఃఖం, పోయిన కుక్కల గౌరవం, కొత్త పిల్లల స్వేచ్ఛ అని మూడు పక్షాలే లెక్కించాను. నాలుగవ పక్షం నాకు తట్టలేదు. ఆదిపర్వంలో నన్నయ చెప్పిన సరమ కథను నేను ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. జనమేజయుని తమ్ములు నిష్కారణంగా కొట్టిన తన పిల్ల కోసం ఒక తల్లికుక్క రాజు ముందు నిలబడి న్యాయం అడిగిన కథ అది. మహాభారతం దాదాపు అక్కడే మొదలవుతుంది. అయినా పిల్లలను సంచిలో వేసుకొని వస్తున్నప్పుడు ఆ కథ నాకు గుర్తుకు రాలేదు.

మూడవ రోజు తల్లి మా గేటు దగ్గరికి వచ్చింది. మొరగలేదు. గేటు కింది సందులో మూతి పెట్టి వాసన చూసింది. పిల్లలు లోపలి నుంచి కుయ్యోమన్నాయి. మర్నాడూ వచ్చింది. మా ఇంటి దుఃఖానికి ఊరటగా నేను తెచ్చిన వస్తువు మరొక ఇంటి నుంచి తెచ్చినదని నాకు అప్పుడు తెలిసింది. ఆ ఇల్లు గడ్డివామే కావచ్చు. పాలు మరిచిన పిల్లలు, ఎలాగూ విడిపోయేవే, వీధిలో ఉంటే ఎన్ని బతికేవి అని నాకు నేను చెప్పుకొన్న సమర్థనలన్నీ నిజమే. వాటిలో ఒక్కటి కూడా ఆ సందులోని మూతికి చెప్పదగినది కాదు. పిల్లలను తేవడం తప్పని ఇప్పటికీ అనుకోను. అయితే ఆ పని నన్ను ఒకరికి రుణపడేట్లు చేసింది, ఆ రుణం చిట్టికో రాజుకో కాదు.

అప్పటివరకు పిల్లలను ముట్టని అమ్మ, నాలుగవ రోజు గేటు తీసి తల్లిని లోపలికి రానిచ్చింది. పిల్లలు దాని మీద పడి పొర్లాయి. అది కాసేపు వాటిని నాకి, పాలకు వచ్చినప్పుడు గుర్రుమని, తిరిగి వెళ్లిపోయింది. ఇప్పుడు రోజూ సాయంత్రం వస్తుంది. పిల్లలకు అమ్మ బజారు నుంచి రెండు కొత్త స్టీలు పళ్లేలు తెప్పించింది. నల్లదానికి మంగ అని, రెండవదానికి సింహాద్రి అని పేర్లు పెట్టింది కూడా ఆవిడే. రాజు గిన్నె అటక మీద ఉంది. చిట్టి సత్తుగిన్నెను మాత్రం కిందికి దించి, కడిగి, గేటు పక్కన పెట్టింది. సాయంత్రం పెరుగన్నం అందులోనే కలుపుతుంది, పిల్లల తల్లికి.