దేహం, దస్త్రం, సాక్ష్యం

మహాభారతం ఉద్యోగపర్వంలోని అంబోపాఖ్యానాన్ని పగసాధింపు కథగా చదవడం మనకు అలవాటు. అందులో మరొక ప్రశ్న కూడా ఇమిడి ఉంది. ద్రుపదుని ఇంట ఆడశిశువుగా జన్మించిన శిఖండి పుత్రుడిగానే పెరిగి దశార్ణ రాజపుత్రికను వివాహమాడాడు. సంగతి బయటపడి మామ హిరణ్యవర్మ యుద్ధానికి సిద్ధపడినప్పుడు, అడవికి పోయి స్థూణాకర్ణుడనే యక్షుని నుంచి పురుషత్వాన్ని పొందాడు. హిరణ్యవర్మ పరీక్షకు స్త్రీలను పంపాడు. వారు చూచి వచ్చి చెప్పిన మాటతో ఆయన తృప్తిపడ్డాడు. భీష్ముడు మాత్రం తృప్తిపడలేదు. శిఖండి పూర్వం స్త్రీ గనుక అతనిపై బాణం వేయనని ముందుగానే ప్రకటించాడు. మామకు దేహం సాక్ష్యం. భీష్మునికి జన్మవృత్తాంతం సాక్ష్యం. శిఖండి తనను గురించి తాను ఏమనుకుంటున్నాడన్నది ఆ ఇద్దరికీ అవసరం లేకపోయింది.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ ప్రశ్న ఇతిహాసం నుంచి ఆస్పత్రికీ, అక్కడి నుంచి కచేరీకీ వచ్చింది. పుట్టుకతో స్త్రీలుగా నమోదై, తాము పురుషులమని ఎరిగినవారిని నేడు ట్రాన్స్ పురుషులని వ్యవహరిస్తున్నారు. దేహాన్ని ఆ ఎరుకకు అనుగుణంగా మార్చుకొనేందుకు వైద్యమార్గాన్ని తుదివరకు అనుసరించిన తొలి వ్యక్తులలో ఒకరు మైకేల్ డిల్లన్. 1915లో లండన్‌లో జన్మించిన ఈ ఆంగ్లేయ వైద్యుడు 1962లో డల్హౌసీలో బౌద్ధ శ్రామణేరుడిగా కన్నుమూశాడు. దేహానికీ, దస్త్రానికీ, మనిషి తన గురించి తాను పలికే మాటకూ మధ్య ఏర్పడే వివాదానికి ఆయన జీవితాన్ని మించిన ఉదాహరణ దొరకడం కష్టం.

టెస్టోస్టిరోన్ అనే పురుష హార్మోనును ప్రయోగశాలలో తయారుచేయడం 1935లో సాధ్యమైంది. ఆ కృషిలో భాగస్వాములైన బుటెనాంట్, రుజిచ్కాలకు 1939లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి ప్రకటించారు. అదే ఏడాది డిల్లన్, ఆక్స్‌ఫర్డ్ చదువు ముగించిన యువకుడు, ఆ హార్మోనుతో స్త్రీల రుగ్మతలకు చికిత్స చేస్తున్న జార్జి ఫాస్ అనే వైద్యుని ఆశ్రయించాడు. ముందు మానసిక వైద్యుని చూడాలని ఫాస్ షరతు పెట్టాడు. ఆ మానసిక వైద్యుడు రోగి రహస్యాన్ని నిలుపుకోలేకపోయాడు. విషయం పదిమంది నోళ్లలో నానింది. డిల్లన్ ఊరు విడిచి బ్రిస్టల్ చేరి ఒక మోటారు గ్యారేజీలో పనికి కుదిరాడు. కొంతకాలానికి మాత్రల ప్రభావంతో గొంతు మారి, గడ్డం మొలిచింది. వాడుకరులు తికమక పడకుండా అతన్ని పురుషుడిగానే సంబోధించాలని గ్యారేజీ యజమాని తన పనివారిని ఆదేశించాడు. మానసిక వైద్యుడు ఇవ్వలేని ఊరటను ఒక గ్యారేజీ యజమాని ఇవ్వగలిగాడన్నది ఇక్కడ గమనించదగిన విషయం.

టెస్టోస్టిరోన్ దేహంలో చేసే పని నేడు వైద్యులకు బాగా తెలుసు. కొన్ని నెలల్లో ఋతుస్రావం ఆగుతుంది, స్వరం లోతుగా మారుతుంది. ముఖరోమాలు పూర్తిగా రావడానికి సంవత్సరాలు పడుతుంది. కండరాలు బలపడతాయి, కొవ్వు చేరే చోట్లు మారుతాయి. ఈ మార్పులన్నీ ఒక స్వభావం కలవి కావు. మందు ఆపితే ఋతుస్రావం తిరిగి రావచ్చు, కొవ్వు పూర్వపు చోట్లకే చేరవచ్చు. మారిన స్వరం మాత్రం వెనక్కు రాదు. రక్తంలో ఎర్రకణాలు మితిమీరి పెరిగే ప్రమాదం ఉన్నందున క్రమం తప్పక రక్తపరీక్షలు చేయించుకోవాలి. ఋతుస్రావం ఆగినంత మాత్రాన గర్భం రాదనుకోవడం పొరపాటు. బిడ్డను కనాలన్న ఆలోచన ఉన్నవారు అండాలను భద్రపరచుకొనే విషయాన్ని చికిత్సకు ముందే వైద్యునితో మాట్లాడవలసి ఉంటుంది. ఛాతీ శస్త్రచికిత్స ఫలితాలు సాధారణంగా సంతృప్తికరం. పురుషాంగ నిర్మాణం మాత్రం పలు దశలుగా సాగే కఠినమైన పని. మూత్రమార్గం ఇరుకు కావడం, చీలి కారడం వంటి చిక్కులు అరుదు కావు. అందువల్లనే ఎందరో ట్రాన్స్ పురుషులు దాన్ని కోరుకోరు. కోరుకోనంత మాత్రాన వారి పురుషత్వానికి లోటు రాదు.

డిల్లన్ దాన్ని కోరుకున్నాడు. 1942లో ఆయనకు ఛాతీ శస్త్రచికిత్స జరిగింది. ఆ శస్త్రవైద్యుడిచ్చిన పత్రం ఆధారంగా 1944లో జనన నమోదు మారింది. ఆపైన, మొదటి ప్రపంచయుద్ధంలో ఛిద్రమైన ముఖాలను తీర్చిదిద్ది ఖ్యాతి పొందిన హెరాల్డ్ గిల్లీస్ 1946, 1949 మధ్య కనీసం పదమూడుసార్లు ఆయనకు శస్త్రచికిత్స చేశాడు. (ఆ విద్య ఐరోపాకు కొత్త ఊపిరితో చేరడానికి, పూనా ప్రాంతంలో తెగిన ముక్కును నుదుటి చర్మంతో అతికిన వృత్తాంతం 1794లో లండన్ పత్రికలో అచ్చు కావడం ఒక కారణమన్నది చరిత్ర విద్యార్థులకు తెలిసినదే.) ఆ సంవత్సరాలలోనే డిల్లన్ డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాలలో వైద్యం చదువుతున్నాడు. 1946లోనే అంతఃస్రావ గ్రంథులనూ నీతిశాస్త్రాన్నీ కలిపి చర్చించే 'సెల్ఫ్' అనే గ్రంథాన్ని ప్రకటించాడు. మనసును దేహానికి సరిపడేట్లు మార్చడం సాధ్యం కానప్పుడు దేహాన్ని మనసుకు సరిపడేట్లు మార్చడమే న్యాయమని అందులో వాదించాడు. అది తన కథేనని ఎక్కడా బయటపడనీయలేదు.

గిల్లీస్ ఆస్పత్రి కాగితాలపై అసలు సంగతి రాయలేదు. పుట్టుకతోనే మూత్రమార్గంలో లోపం గల పురుషుడికి చికిత్స అని రాశాడు. ఆక్స్‌ఫర్డ్‌లోనూ ఇటువంటిదే జరిగింది. డిల్లన్ చదివినది స్త్రీల కళాశాలలో. ఒక పాత అధ్యాపకుని మాట మీద విశ్వవిద్యాలయ రిజిస్ట్రార్ దాన్ని పురుషుల కళాశాలగా దిద్దాడు. ఈ రెండూ అబద్ధాలే. రెండూ దయతో చెప్పినవే. వీటిని తప్పుపట్టడానికి మనసు ఒప్పకపోవచ్చు. అయినా అధికారి అన్నవాడు కొంచెంసేపు వీటివద్ద ఆగవలసి ఉంది. దయతో రాసిన అబద్ధం ఒక్కరికే పనికివస్తుంది. మరునాడు అదే అవసరంతో వచ్చే మరొకరికి ఆ దస్త్రంలో పూర్వోదాహరణ దొరకదు. రక్షణ పొందిన మనిషికి కూడా అది హక్కుగా మిగలదు. ఎక్కడో ఒక గుమాస్తా దిద్దని పుటలో అది భగ్నమవుతుంది.

డిల్లన్ విషయంలో జరిగినది ఇదే. ఆయన అన్న రాబర్ట్ ఐర్లండ్‌కు చెందిన బారనెట్. ఇంగ్లండులో కులీన వంశాల వివరాలను ప్రకటించే గ్రంథాలు ప్రధానంగా రెండు, డెబ్రెట్, బర్క్. 1958లో డెబ్రెట్ గ్రంథం డిల్లన్‌ను తమ్ముడిగా, బిరుదుకు వారసుడిగా చూపుతుండగా, బర్క్ గ్రంథం చెల్లెలిగానే చూపుతూ వచ్చింది. పత్రికలవారు ఆ తేడాను పట్టుకొన్నారు. అప్పుడాయన ఓడ వైద్యుడు. ఓడ అమెరికా రేవులో ఉంది. విలేఖరులు అక్కడికే వెళ్లారు. కొన్ని నెలలు తిరక్కుండానే ఆయన ఉద్యోగాన్నీ, దేశాన్నీ విడిచి భారతదేశానికి వచ్చేశాడు. పదమూడు శస్త్రచికిత్సలు చేకూర్చిన నెమ్మదిని రెండు పుస్తకాల మధ్య వచ్చిన ఒక తేడా లాగివేసింది. ట్రాన్స్ పురుషుల మనోవ్యథలో కొంత దేహంతో పొసగకపోవడం వల్ల వచ్చేది. దానికి వైద్యుని దగ్గర మందు ఉంది. మిగిలినది చుట్టూ ఉన్నవారి చూపు వల్ల, ఎప్పుడు బయటపడుతుందోనన్న భయం వల్ల వచ్చేది. దానికి మందు వైద్యుని చేతిలో లేదు.

భారతదేశంలో ఆయన కాలింపాంగ్, సారనాథ్‌లలో బౌద్ధాన్ని అభ్యసించి, బుద్ధుని వైద్యుడైన జీవకుని పేరు ధరించాడు. పూర్ణ భిక్షుత్వానికి అడ్డు వచ్చింది. తృతీయ ప్రకృతికి చెందినవారు ఉపసంపదకు అర్హులు కారన్న వినయ నియమం ఆయనకూ వర్తిస్తుందని అభ్యంతరం చెప్పారు. విచిత్రమేమంటే అదే పాళీ వినయపిటకంలో, ఒక భిక్షువుకు స్త్రీ లక్షణాలూ, ఒక భిక్షుణికి పురుష లక్షణాలూ ఏర్పడిన ప్రస్తావన ఉంది. వారి పూర్వపు ఉపసంపద, గడచిన వర్షావాసాల లెక్క యథాతథంగా చెల్లుతాయని, వారు రెండవ సంఘంలో చేరి ఆ సంఘ నియమాలనే పాటించాలని బుద్ధుడు అనుమతించినట్లు అక్కడ ఉంది. ఉద్యోగుల పరిభాషలో చెప్పాలంటే సీనియారిటీ పోకుండా బదిలీ చేశాడన్నమాట! ఒకే గ్రంథంలో రెండు ద్వారాలు ఉండగా డిల్లన్‌కు మూసిన ద్వారమే ఎదురైంది. చివరకు 1960లో లద్దాఖ్‌లోని రిజోంగ్ విహారం ఆయనను టిబెటన్ సంప్రదాయంలో శ్రామణేరుడిగా స్వీకరించింది. అక్కడ వంటింటి పనులు చేస్తూ, వయసులో తనకంటె ఎంతో చిన్నవారైన శ్రామణేరులతో కలిసి కూర్చోవడం ఆయనకు ఇష్టంగానే ఉండినట్లు కనిపిస్తుంది.

ఈ జీవితాన్ని ముందుంచుకొని ఆలోచిస్తే, వైద్యుడూ అధికారీ అడిగే ప్రశ్నలు రెండు రకాలని తేలుతుంది. ఈ మందు నీ దేహానికి ఏమి చేస్తుందో నీకు తెలుసా, తిరిగిరాని మార్పు ఏదో గ్రహించావా, నీ సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చినదేనా అన్నవి ఒక రకం. వీటిని అడగడం వైద్యుని ధర్మం; అడగకపోవడం దోషం. నీవు నిజంగా పురుషుడివేనా అన్నది రెండో రకం. దీనికి ఏ రక్తపరీక్షలోనూ సమాధానం లేదు, సంబంధించిన మనిషి నోటి నుంచి తప్ప. మొదటి ప్రశ్నల చాటున రెండోదాన్ని అడగడమే చాలాకాలంగా జరిగిన పొరపాటు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో ఆమోదించి 2022 జనవరి నుంచి అమలులోకి తెచ్చిన రోగాల వర్గీకరణలో ఈ స్థితిని మానసిక రుగ్మతల అధ్యాయం నుంచి తొలగించి, లైంగిక ఆరోగ్య విషయాల అధ్యాయంలో చేర్చింది. చికిత్స అవసరం తీరలేదు గనుక జాబితా నుంచి పూర్తిగా తీసివేయలేదు.

మన సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న నాల్సా కేసు తీర్పులో, జెండర్ నిర్ణయం వ్యక్తి తనంతట తాను చేసుకొనేదని, దానికి గుర్తింపు ఇవ్వడానికి శస్త్రచికిత్సను షరతుగా విధించడం చెల్లదని ప్రకటించింది. 2019లో పార్లమెంటు చేసిన చట్టం ఒక మెట్టు ఎక్కి మరొకచోట ఆగింది. జిల్లా మేజిస్ట్రేటు ట్రాన్స్‌జెండర్ ధ్రువపత్రం ఇవ్వడానికి వైద్యపరీక్ష అక్కరలేదని 2020 నాటి నిబంధనలు చెప్పాయి; పురుషుడు లేదా స్త్రీ అని పత్రం కోరినప్పుడు మాత్రం ఆస్పత్రి ధ్రువీకరణ తేవాలని చట్టం అన్నది. హిరణ్యవర్మ పంపిన పరీక్షకులు అక్కడ మళ్ళీ దర్శనమిచ్చారు. దస్త్రం అన్నివేళలా గుర్తింపు కోసమే పుట్టదన్నది కూడా మరువరాదు. నిజాం కాలంలో 1329 ఫస్లీలో వచ్చిన చట్టం నపుంసకులన్న పేరుతో మనుషుల జాబితా రాయించింది నిఘా కోసం. తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో దాన్ని కొట్టివేసింది.

దస్త్రం అక్కరలేదని చెప్పడానికి వీల్లేదు. వారసత్వంలో, ఆస్తి పంపకంలో ఇతరుల హక్కులు కూడా ముడిపడి ఉంటాయి. డిల్లన్ అన్న బిరుదు విషయంలోనూ ఉన్నాయి. అందుకే మార్పు ఒకసారి, బహిరంగమైన పద్ధతిలో, అందరికీ ఒకే నియమంతో జరగాలి. జరిగిన పిదప అన్ని పుస్తకాలూ ఒకే మాట చెప్పాలి. మన దేశంలో ట్రాన్స్ పురుషులకు దీని అవసరం మరింత ఎక్కువ. హిజ్రాలకు గురుశిష్య పరంపరతో కూడిన ఒక ఆశ్రయం తరతరాలుగా ఉంది. ట్రాన్స్ పురుషుడికి అటువంటి ఇల్లు లేదు. పుట్టింటిలోనే ఉండి, పెళ్ళికి ఒత్తిడి పెట్టే పెద్దల నడుమ, పాఠశాల ధ్రువపత్రం మీద ఒక పేరు, తన మనసులో మరొక పేరుతో రోజులు గడుపుతాడు. అతనికి ఎదురయ్యేవాడు దయగల గుమాస్తా కావచ్చు, కాకపోవచ్చు.

డిల్లన్ తన ఆత్మకథ రాతప్రతిని లండన్‌కు పంపిన కొద్దికాలానికే, 1962 మే 15న డల్హౌసీ ఆస్పత్రిలో, నలభై ఏడేళ్ల వయసులో మరణించాడు. ఆ ప్రతి యాభై ఏళ్లకు పైగా అచ్చు కాకుండా ఉండి 2016లో వెలువడింది. ముఖపత్రం మీద గ్రంథకర్త పేరు ఆయన ఎంచుకొన్నట్లే ఉంది: మైకేల్ డిల్లన్, లోబ్‌జాంగ్ జీవక.