సమాధానపరచు పని ఎవరిది?

ధ్యాన భాగము: 1 రాజులు 12:1–24



సొలొమోను మరణించిన పిమ్మట ప్రజలు అతని కుమారుడైన రెహబామునొద్దకు వచ్చి, తమ మెడమీది కాడి కొంచెము తేలిక చేయుమని మనవి చేసికొనిరి. వారికి సేవకునివలె నుండి మంచి మాట పలుకుమని పెద్దలు అతనికి బుద్ధి చెప్పిరి. అతడు వినలేదు. కఠినముగా మాటలాడి, రాజ్యమును రెండు చేసికొనెను.

మన తెలుగు నాటను ఇట్టి దినములు గడిచినవి. 1956 నవంబరు 1న ఆంధ్రయు తెలంగాణమును ఒక్క రాష్ట్రమాయెను. కలిసిననాడు చేసిన బాసలు నెరవేరలేదని తెలంగాణపు వారు మొఱపెట్టిరి. 1969లో అక్కడ అనేకులైన యౌవనస్థులు పోలీసు కాల్పులలో ప్రాణములు విడిచిరి. ఆ ప్రాంతమున స్థిరముగా నున్నవారికే అక్కడి సర్కారు ఉద్యోగములు ఇయ్యవలెనను ముల్కీ నిబంధనలు చెల్లునని 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. అప్పుడు కోస్తావారును రాయలసీమవారును, మన రాజధానిలోనే మనము పరాయివారమైతిమని లేచిరి. అదియే జై ఆంధ్ర ఉద్యమము. బడులు మూతపడెను, బండ్లు నిలిచెను, ఉద్యోగులు సమ్మె కట్టిరి, ఈ ప్రక్కను తుపాకులు పేలెను. రెండు ప్రక్కలవారి కాడియు బరువైనదే. ఒకరి బరువు మరియొకరు చూడలేదు.

ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావుగారు రాజీనామా ఇచ్చిరి. 1973 జనవరి 18న రాజ్యాంగపు 356వ అధికరణము క్రింద రాష్ట్రపతి పాలన వచ్చెను. శాసనసభను రద్దుచేయక ఊరక నిలిపియుంచిరి. రాష్ట్రపతి పేరిట గవర్నరు ఖండూభాయ్ దేశాయ్‌గారు పాలన సాగించిరి. సెప్టెంబరు 21న ఆరు సూత్రముల ఒప్పందము కుదిరెను; ముల్కీ నిబంధనలు పోయి, స్థానికులకు ఉద్యోగములలో పాలు వేరు విధముగా ఏర్పడెను. డిసెంబరు 10న జలగం వెంగళరావుగారు ముఖ్యమంత్రియైరి. సుమారు 11 నెలలు మన యింటి తాళపుచెవి ఢిల్లీలో నుండెను.

ఇది మేలా, కీడా? ఒక సంగతి ఆలోచించుడి. ఒకే చెరువు క్రింది రెండు ఊళ్లవారు నీళ్లకై కర్రలెత్తినయెడల అధికారి వచ్చి తూమునకు తాళము వేయించి, తాళపుచెవి తీసికొనిపోవును. కర్రలు దిగును, తలలు పగులక మిగులును; అది మేలే. అధికారము దేవుని యేర్పాటని రోమా పత్రిక 13వ అధ్యాయము నేర్పుటయు ఇందుకే. అయితే తాళము కొట్లాటను ఆపునే గాని మడిని తడుపదు. నీళ్లు పంచుకొనవలసినవారు ఆ రెండు ఊళ్లవారే. అధికారి తాళము ఎంతకాలము ఉంచిన, అంతకాలము పైరు ఎండుచునే యుండును.

మా సంఘములోని ఒక ముసలి తండ్రి తన సంగతి మాతో చెప్పెను. ఆయన చెల్లెలిని నల్లగొండ ప్రక్కకిచ్చిరి. ఉద్యమపు దినములలో బావయు బావమరదియు ఉత్తరములలో మాటలు మీరిరి; “మీవారు”, “మావారు” అని వ్రాసికొనిరి. రాష్ట్రపతి పాలన వచ్చెను, బండ్లు తిరిగి నడిచెను. అయినను ఆ బండి యెక్కి చెల్లెలి గడప తొక్కుటకు ఆయనకు తొమ్మిది సంవత్సరములు పట్టెను. పోయినది కూడ బావ భూస్థాపనకే. “అయ్యగారూ, బస్సు నా కోసము ఆగలేదు, నేనే ఆగితిని” అని ఆయన కన్నీరు తుడుచుకొనెను.

ఆయనను గద్దించుటకు మేమెవరము? 2014 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి రాజీనామా ఇయ్యగా మార్చి 1న మరల రాష్ట్రపతి పాలన వచ్చెను. జూన్ 2న తెలంగాణము వేరు రాష్ట్రమాయెను. ఆ నెలలలో మేము ప్రతి ఆదివారము రాష్ట్రము కొరకు ప్రార్థించితిమి. నేడు వెనుదిరిగి చూడగా అది మా పక్షము గెలువవలెనను ప్రార్థనయే. కృష్ణకు ఆవల అదే ప్రభువునెదుట మోకరించిన సహోదరులకు కలిగిన నొప్పిని మేము ఒక్కమారైనను ఆయన సన్నిధికి తేలేదు. ఈ పాపమును సంఘము ఎదుట ఒప్పుకొనుచున్నాము.

రెహబాము పోయిన రాజ్యమును మరల పట్టుకొనుటకు 1,80,000 మందిని కూర్చెను. అప్పుడు దేవుడు షెమయా ద్వారా వారిని ఆపెను. ఎదుటనున్నవారు శత్రువులని కాదు, సహోదరులని జ్ఞాపకము చేసెను. ఆశ్చర్యమేమనగా వారు ఆ మాట విని యిండ్లకు మరలిరి. రాజ్యము రెండుగానే యుండెను. అయినను ఆ దినమున సహోదరుని రక్తము చిందలేదు. సరిహద్దు గీయుట పాలకుల పని కావచ్చును. గీతకు ఆవలివానిని సహోదరుడని పిలుచుట మన పని. దానిని మన బదులు ఏ గవర్నరును చేయజాలడు.

ఈ నెల ప్రభు బల్లకు వచ్చుచున్నాము. గట్టు తగాదాతో, కుంట నీళ్లతో, ఎన్నికల మాటలతో విడిపోయి, ఒకే గుడిలో వేరు వేరు చాపలమీద కూర్చున్న యిండ్లు మనలో కలవని మీకును తెలియును, మాకును తెలియును. పోలీసువారు వచ్చి పోయినందున మీ వీధి నెమ్మదిగా నుండవచ్చును. దానిని సమాధానమని అనుకొనకుడి. కానుకను బలిపీఠమునొద్ద విడిచి మొదట సహోదరునియొద్దకు పొమ్మని మత్తయి 5వ అధ్యాయములో ప్రభువు ఆజ్ఞాపించెను. ఈ శనివారము దీపాలవేళ ఎవరి గడపకు పోవలెనో మీ హృదయమే చెప్పును. తోడు కావలెనన్నయెడల మేము వచ్చెదము.

సమాధానకర్తయగు దేవుడు రెండు తెలుగు రాష్ట్రములను, మన చిన్న సంఘమును కాపాడును గాక. ఆమేన్.