సుంగై సిపుట్‌లో పండింది ఎవరి పాపం?

2008 మార్చి 8న మలేషియా పబ్లిక్ వర్క్స్ మంత్రి ఎస్. సామివేలుకు 72 ఏళ్లు నిండాయి. ఆ రోజే దేశమంతా ఎన్నికలు. పెరాక్ రాష్ట్రంలోని సుంగై సిపుట్ నియోజకవర్గం 1974 నుంచి ఆయన్ని వరసగా పార్లమెంటుకు పంపుతూ వచ్చింది. పుట్టినరోజు రాత్రి పెట్టెలు తెరిచి లెక్కపెడితే 1,821 ఓట్ల తేడాతో ఓడిపోయారు. గెలిచినాయన డాక్టర్ జయకుమార్ దేవరాజ్. ఈపో ఆసుపత్రిలో ఊపిరితిత్తుల వైద్యుడిగా పనిచేసిన సోషలిస్టు, 1999లోనూ 2004లోనూ ఇదే సామివేలు చేతిలో ఓడినాయన.

ఇలాంటి కబురు చెవిన పడితే తెలుగువాడి నోటికి ముందు వచ్చే మాట, పాపం పండిందని. ఇంకాస్త పెద్దవాళ్లయితే చేసుకున్నవాడికి చేసుకున్నంత మహదేవా అంటారు. అనడానికి తగిన సరంజామా కూడా ఉంది. ఎన్నికలకు నాలుగు నెలల ముందు, 2007 అక్టోబర్ 30న, దీపావళి వారం రోజుల్లో ఉందనగా షా ఆలం దగ్గర పడాంగ్ జావాలో మహా మారియమ్మన్ గుడిని పడగొట్టారు. నవంబర్ 25న హిందూ హక్కుల సంఘం హిండ్రాఫ్ పిలుపు మీద వేలాది మంది భారతీయులు కౌలాలంపూర్ వీధుల్లోకి వస్తే ప్రభుత్వం బాష్పవాయువుతో, నీటి ఫిరంగులతో పలకరించింది. డిసెంబర్ 13న ఐదుగురు నాయకుల్ని విచారణ లేకుండా లోపల వేసింది. ఆ మంత్రివర్గంలో భారతీయుల పార్టీ ఎం.ఐ.సి. తరఫు పెద్దమనిషి సామివేలు. 1979 నుంచి ఆ పార్టీకి అధ్యక్షుడు కూడా ఆయనే. అంతటి పెద్దరికం ఉండీ గుడిని కాపాడలేకపోయారు. అమ్మవారు ఊరుకుంటుందా?

ఇంత సులువుగా ముడిపెట్టేస్తే దేవుడికీ అన్యాయమే, ఓటరుకూ అన్యాయమే. ఓటమిని కర్మఫలం అనుకోవచ్చా? సభలో కూర్చుని చేసిన తప్పుకు ఎన్నికల్లో వచ్చే ఓటమి శిక్ష అవుతుందా? దీనికి జవాబు వెతకాలంటే ఆ గుడి కూలిన రోజు కన్నా దాదాపు ఇరవై ఏళ్లు వెనక్కి పోవాలి.

1988 మార్చి. ప్రధాని మహతీర్ మొహమద్. అంతకు నెల ముందే పాలక పార్టీ అమ్నో చట్టవిరుద్ధమైన సంఘమని హైకోర్టు తేల్చేసింది. న్యాయమూర్తుల మీద ప్రధాని కోపం దాచుకునే స్థితిలో లేరు. అప్పటిదాకా దేశ న్యాయాధికారం హైకోర్టులలో నిక్షిప్తమై ఉంటుందని చెప్పిన రాజ్యాంగం 121వ అధికరణాన్ని పార్లమెంటు తిరగరాసింది. ఇకమీదట కోర్టులకు ఉండేది పార్లమెంటు చట్టం ఇచ్చినంత అధికారమే. అదే సవరణలో 1ఎ అని ఒక చిన్న ఉపక్లాజు కూడా దూరింది. షరియా కోర్టుల పరిధిలో ఉన్న విషయాల జోలికి సివిల్ కోర్టులు పోకూడదన్నది దాని సారం. జూన్ 10న అమల్లోకి వచ్చింది. ఆగస్టు 8న లార్డ్ ప్రెసిడెంట్ సాలే అబాస్‌ను, అంటే దేశ ప్రధాన న్యాయమూర్తిని, పదవిలోంచి తీసేశారు.

ఎదురు చెప్పాల్సిన ప్రతిపక్ష సభ్యుల్లో లిమ్ కిట్ సియాంగ్, కర్పాల్ సింగ్ వంటి ముఖ్యులు ఆ రోజుల్లో కముంటింగ్ నిర్బంధ శిబిరంలో ఉన్నారు. 1987 అక్టోబర్‌లో మొదలైన అరెస్టుల్లో వందమందికి పైగా పట్టుబడ్డారు. సుంగై సిపుట్ నుంచి పాత రోడ్డు మీద ఉత్తరంగా పోతే కువాలా కంగ్సార్, తైపింగ్ దాటగానే కముంటింగ్. ఈ ఊరికీ ఆ శిబిరానికీ చుట్టరికం పాతదే. 1948 జూన్ 16న ఇక్కడి రబ్బరు తోటల్లో ముగ్గురు తెల్ల దొరల్ని కాల్చి చంపాకే బ్రిటిష్‌వాళ్లు అత్యవసర పరిస్థితి ప్రకటించారు. విచారణ లేకుండా మనిషిని మూసిపెట్టే అలవాటు దేశానికి అప్పుడు పట్టుకుని, స్వాతంత్ర్యం వచ్చినా వదల్లేదు.

సామివేలు అప్పుడు మంత్రి. ఆయన పార్టీ ప్రభుత్వం వెంట నిలిచింది. అందులో వింతేమీ లేదు. కూటమిలో ఉన్న చిన్న పార్టీ, పెద్దన్న తెచ్చిన బిల్లుకు అడ్డం తిరుగుతుందా? బస్సు కండక్టరుగా బతుకు మొదలుపెట్టి, రేడియోలో తమిళ వార్తలు చదివి, ఆర్కిటెక్టుగా ఎదిగి మంత్రి అయిన మనిషికి ఏ తలుపు ఎప్పుడు తట్టాలో బాగా తెలుసు. తట్టకూడనివి కూడా తెలుసు.

ఇక్కడ భారతంలో సభాపర్వం గుర్తుకు రావాలి. ద్రౌపది తన ప్రశ్న వేసింది. భీష్ముడు ధర్మం సూక్ష్మమని తప్పుకున్నాడు. విదురుడు లేచి ఒక పాత కథ చెప్పాడు. ప్రహ్లాదుడి కొడుకు విరోచనుడికీ, అంగిరసుడి కొడుకు సుధన్వుడికీ తమలో ఎవరు గొప్ప అని పంతం. ప్రాణాలు పందెం ఒడ్డి ప్రహ్లాదుణ్నే తీర్పు అడిగారు. ఒకవైపు కన్నకొడుకు, ఇంకోవైపు నిజం. ఏం చేయాలో తోచక ఆయన కశ్యపుణ్ని అడిగితే, సభలో అధర్మం జరిగినప్పుడు పాపాన్ని ఎలా పంచుతారో కశ్యపుడు చెప్పాడు. సభకు పెద్ద అయినవాడికి సగం, చేసినవాడికి పావు, చూస్తూ ఖండించని సభ్యులకు మిగిలిన పావు. విన్న ప్రహ్లాదుడు కొడుక్కి వ్యతిరేకంగా తీర్పు చెప్పాడు.

చేసినవాడికి పావే, కుర్చీలో కూర్చున్నవాడికి సగం! పార్లమెంటుకు ఇంత సరిగ్గా అతికే శిక్షాస్మృతి ఏ ఆధునిక రాజ్యాంగంలోనూ కనిపించదు. అయితే కశ్యపుడి లెక్కలో ఆ సభ్యుడు మళ్లీ గెలుస్తాడా లేదా అన్న ఊసే లేదు.

ఉండదు కూడా. కౌరవుల వైపు నుంచి ద్రౌపది పక్షాన గొంతెత్తిన ఒక్క తమ్ముడు వికర్ణుడు. కురుక్షేత్రంలో అతనూ భీముడి చేతిలోనే చచ్చాడు. సభలో సరైన మాట మాట్లాడినందుకు యుద్ధంలో రాయితీ దొరకలేదు.

అమెరికా సెనేటర్ల సంగతి చూసినా ఇంతే. 1991 అక్టోబర్‌లో క్లారెన్స్ థామస్‌ను సుప్రీంకోర్టుకు 52-48తో ఖాయం చేసినప్పుడు ఇలినాయ్ డెమోక్రాట్ అలన్ డిక్సన్ అనుకూలంగా ఓటేశారు. ఆ ఓటు మీద కోపమే ఊపిరిగా పోటీకి దిగిన కెరోల్ మోస్లీ బ్రౌన్ మరుసటి మార్చిలో సొంత పార్టీ ప్రైమరీలోనే ఆయన్ని ఓడించారు. అక్కడిదాకా లెక్క సరిపోయింది. 2018 అక్టోబర్ 6న బ్రెట్ కవనా నియామకం 50-48తో నెగ్గింది. మెయిన్ రాష్ట్రపు సూజన్ కాలిన్స్ అవునన్నారు. ఆవిడ పని అయిపోయిందని అంతా రాసేశారు, సర్వేలు చాలావరకు ప్రత్యర్థే ముందున్నారన్నాయి. 2020లో ఆవిడ గెలిచారు. కవనాను కాదన్న నార్త్ డకోటా సెనేటర్ హైడీ హైట్‌క్యాంప్ ఆ ఓటేసిన నెల తిరిగేసరికి ఓడిపోయారు. ఓటమి పాపఫలమైతే కాలిన్స్ పుణ్యాత్మురాలు, హైట్‌క్యాంప్ పాపి అని ఒప్పుకోవాలి. కాలిన్స్ అభిమానులు కూడా అంత దూరం రారు. (మలేషియా సెనేటర్లకు ఈ బాధ లేదు. 70 మందిలో 26 మందిని రాష్ట్ర శాసనసభలు ఎన్నుకుంటాయి, తక్కినవాళ్లను రాజుగారు నియమిస్తారు. ఓటరు ముఖం చూసే పనే లేదు.)

మీమాంసకులు ఒక చిక్కు ప్రశ్న వేసుకున్నారు. యజ్ఞం ఈరోజు చేస్తే ఈరోజే ముగిసిపోతుంది, స్వర్గం ఎప్పటికో వస్తుంది. మధ్యకాలంలో ఆ ఫలాన్ని మోసుకెళ్లేది ఏది? కంటికి కనిపించని శక్తి ఒకటి ఉండాలని, దానికి అపూర్వం అని పేరు పెట్టారు. రాజకీయాల్లో అంత శ్రమ అక్కర్లేదు. మోసుకెళ్లేది కంటికి కనిపిస్తుంది. అది చట్టంలో అచ్చయిన క్లాజు.

121(1ఎ) ఏం మోసుకెళ్లిందో చూడండి. 1997 మలేషియా ఎవరెస్టు బృందంలోని సైనికుడు ఎం. మూర్తి 2005 డిసెంబర్ 20న చనిపోయారు. ఆయన ఇస్లాం పుచ్చుకున్నారని మతశాఖవారు, అలాంటిదేమీ లేదని భార్య. షరియా కోర్టు ఆవిడ లేకుండానే ముస్లిమని తేల్చింది. ఆవిడ సివిల్ హైకోర్టు మెట్లెక్కితే డిసెంబర్ 28న జడ్జి ఇది నా పరిధి కాదన్నారు. భర్త శవాన్ని ఏ పద్ధతిలో సాగనంపాలో అడిగే చోటు కూడా ఆ ఇల్లాలికి దేశంలో మిగల్లేదు. షరియా కోర్టుకు పోదామంటే తాను ముస్లిం కాదు. మరుసటి నెలలో మంత్రివర్గంలోని ముస్లిమేతర మంత్రులు ఈ క్లాజును సమీక్షించమని ప్రధాని అబ్దుల్లా బదావికి వినతిపత్రం ఇచ్చారు. ఇచ్చిన కొద్ది రోజులకే వెనక్కి తీసుకున్నారు.

ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోవడం కశ్యపుడి లెక్కలో ఖండించడం కిందికి వస్తుందా, రాదా? పావులో సగమైనా తగ్గుతుందేమో, ధర్మశాస్త్రం తెలిసినవాళ్లు చెప్పాలి.

2009లో ఈపోలోనే, సుంగై సిపుట్‌కు దగ్గర్లోనే, ఇందిరా గాంధీ అనే పిల్లల బడి టీచరుకు ఇదే గోడ అడ్డం వచ్చింది. భర్త మతం మారి, తల్లికి చెప్పకుండా ముగ్గురు పిల్లల్నీ మార్పించి, పదకొండు నెలల పాపను ఎత్తుకుపోయాడు. తొమ్మిదేళ్లు కోర్టుల చుట్టూ తిరిగాక 2018 జనవరి 29న ఫెడరల్ కోర్టు ఐదుగురు న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా ఆ మతమార్పిడి చెల్లదన్నారు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఒప్పుకోవాల్సిందే అన్నారు. సివిల్ కోర్టుల న్యాయాధికారాన్ని 1988 సవరణ తుడిచెయ్యలేదని జస్టిస్ జైనున్ అలీ తీర్పులో రాశారు. తీర్పు అయితే చేతికొచ్చింది. పాప మాత్రం ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి రాలేదు.

1988లో ప్రభుత్వం వెంట నిలిచిన వాళ్లెవరూ ఈ తల్లిని తలుచుకుని ఉండరు. ఆమె గోడు 2008 నాటి బ్యాలెట్ పెట్టెలో పడే వీలూ లేదు, అప్పటికి ఆమె కష్టం మొదలే కాలేదు. ఇంకెవరికో జరగబోయే హాని లెక్క ముందే ఎలా చెల్లుతుంది?

మరి 2008లో సుంగై సిపుట్ ఓటరు దేనికి ఓటేశాడు? న్యాయవ్యవస్థ సంగతి గాలిలో లేకపోలేదు. వి.కె. లింగం అనే లాయరు ఫోనులో జడ్జీల పదవుల బేరం ఆడుతున్నట్టున్న వీడియోను ప్రతిపక్ష నేత అన్వర్ ఇబ్రహీం 2007 సెప్టెంబర్‌లో బయటపెట్టారు. దాంట్లో లింగం అన్న కరెక్ట్, కరెక్ట్, కరెక్ట్ దేశమంతా ఊతపదమైపోయింది. రాయల్ కమిషన్ ముందు ఆయన, మనిషి నాలాగే ఉన్నాడు, గొంతు నాలాగే ఉంది అన్నంత దూరం వచ్చి ఆగారు. అయినా తోట లైన్లలో బతికేవాడికి అంతకన్నా పెద్ద లెక్కలున్నాయి. ఎస్టేట్లు అమ్ముడుపోయి ఇళ్లు ఖాళీ చేయమన్న నోటీసులు. రోడ్ల మంత్రి హయాంలో పెరిగిన టోల్. 1984లో భారతీయ కుటుంబాల దగ్గర పది కోట్ల రింగిట్లకు పైగా పోగుచేసి ఎం.ఐ.సి. పెట్టిన మైకా హోల్డింగ్స్, దాచుకున్న డబ్బు పెట్టినవాళ్లకు చివరికి మిగిల్చిన నిరాశ. పైగా ఈ నియోజకవర్గంలో భారతీయులు ఐదో వంతుకు కాస్త అటూ ఇటూ. ఎక్కువమంది చైనీయులు, తర్వాత మలయులు. మారియమ్మన్ కోపం ఒక్కటే అయితే లెక్క తేలదు. అవతల డాక్టరు పదేళ్లుగా తోటల వెంట తిరిగి నోటీసులకు జవాబులు రాయించడం కూడా ఓట్లుగా మారింది. ఆ గాలికి ఎం.ఐ.సి. నిలబెట్టిన తొమ్మిది పార్లమెంటు సీట్లలో మూడే మిగిలాయి. పెరాక్ ప్రభుత్వమే ప్రతిపక్షం చేతికి పోయింది.

ఎస్టేట్ కూలీలుగా విశాఖ, గోదావరి ప్రాంతాల నుంచి వచ్చి దిగువ పెరాక్‌లో స్థిరపడిన తెలుగువాళ్లు కూడా ఈ దేశపు లెక్కల్లో భారతీయులనే ఒకే గంపలో ఉంటారు. తమిళ గుడి కూలినా, పంజాబీ నాయకుడు జైలుకు పోయినా వాళ్లకూ సెగ తగులుతుంది. మూర్తి ఇంటికి ఎదురైన గోడ వాళ్ల ఇళ్లకూ ఎదురుకావచ్చు.

జయకుమార్ 2013లో మళ్లీ గెలిచారు. అంతకుముందు 2011 జులైలో 1969 నాటి అత్యవసర ఆర్డినెన్సు కింద ఆయన్నీ విచారణ లేకుండా కొన్ని వారాలు నిర్బంధించారు. 2018 మే 9న దేశమంతా పాలక కూటమిని దింపేసిన ఎన్నికలో తన సోషలిస్టు పార్టీ గుర్తు మీదే నిలబడ్డారు. 1,505 ఓట్లు వచ్చాయి, డిపాజిట్ పోయింది. గుడి కూల్చిన పాపమూ, క్లాజు తెచ్చిన పాపమూ ఆయన ఖాతాలో లేవు. పదేళ్లు నియోజకవర్గంలో చెప్పులరిగేలా తిరిగిన మనిషికి ఇదే ఫలమంటే కర్మ సిద్ధాంతం తెలిసిన వాళ్లెవరూ ఒప్పుకోరు. ఆ రోజు ఓటరుకు కావలసింది ప్రధాని మార్పు, ఆ గుర్తు ఆయన దగ్గర లేదు.

సామివేలు 2010లో పార్టీ పదవి వదిలి, 2022 సెప్టెంబర్ 15న కన్నుమూశారు. 1988లో 121వ అధికరణం నుంచి తీసేసిన న్యాయాధికారం అన్న మాటలు మళ్లీ రాజ్యాంగంలోకి రావాలంటే పార్లమెంటులో మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. సుంగై సిపుట్ సభ్యుడిది అందులో ఒక ఓటు.