మళ్లీ అడిగినవాడు

ఛాందోగ్యోపనిషత్తులో ప్రజాపతి దగ్గరికి ఇద్దరు వస్తారు: దేవతల తరఫున ఇంద్రుడు, అసురుల తరఫున విరోచనుడు. ఆత్మ సంగతి తెలుసుకోవాలని 32 ఏళ్లు బ్రహ్మచర్యం పాటించాక, నీళ్లలోకి చూసుకోమన్నాడు ప్రజాపతి. కనబడిన బొమ్మే ఆత్మ అనుకుని ఇద్దరూ సంతోషంగా బయల్దేరారు. విరోచనుడు ఇంటికెళ్లి తనవాళ్లకు అదే బోధించాడు. ఇంద్రుడికి మాత్రం దారిలో అనుమానం తగులుకుంది. ఒంటికి నగలు పెడితే నీడకూ నగలొస్తున్నాయి, మరి ఒళ్లు గుడ్డిదైతే నీడా గుడ్డిదేగా? వెనక్కొచ్చాడు. మరో 32 ఏళ్లు, ఇంకో 32, చివర 5. మొత్తం 101.

ఇద్దరికీ దొరికిన మొదటి జవాబు ఒకటే.

ఒకసారి అడిగి, వచ్చింది పట్టుకుని వెళ్లిపోవడం విరోచనుడి పద్ధతి. తొలినాటి కంప్యూటర్లు అలాగే పనిచేశాయి. చిల్లులు పొడిచిన కార్డుల కట్టను ఆపరేటర్ చేతికిచ్చి, గంటల తర్వాత వచ్చి కాగితం తీసుకోవడమే. ఒక్క కామా తప్పితే కథ మళ్లీ మొదటికి. 1963లో అమెరికాలోని ర్యాండ్ సంస్థలో క్లిఫ్ షా తయారుచేసిన జాస్ అనే వ్యవస్థ ఈ తంతును మార్చింది. ఒక వరుస టైపు చేస్తే అక్కడికక్కడే జవాబు. అర్థం కాకపోతే అది చెప్పే మాట మన ఊళ్లో చెవి సరిగా వినపడని తాతగారి ‘ఆఁ?’ లాంటిదే.

గైడో వాన్ రోసమ్ 1991లో విడుదల చేసిన పైథాన్ భాష ఈ రెండు దారులనూ ఒకే ప్రోగ్రాంలో పెట్టుకుంది. ఫైలు ఇస్తే మౌనంగా చివరిదాకా చదువుతుంది. ఏమీ ఇవ్వకపోతే మూడు బాణం గుర్తులు చూపి ఎదురుచూస్తుంది. ఫైల్లో 2+2 అని ఊరికే రాస్తే లెక్కకట్టి పారేస్తుంది, పైకి ఏమీ చెప్పదు. ఆ బాణాల దగ్గర, అంటే ప్రాంప్ట్ దగ్గర, అదే రాస్తే 4 అంటుంది. ఎలా తెలుస్తుంది దానికి? అవతలి కొసన టెర్మినల్ ఉందా అని ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడుగుతుంది. ఉంటే మనిషి ఉన్నట్టే లెక్క.

వాక్యం మారలేదు, వినేవాడి కోసం ఫలితం మారింది. అయితే అర్థం ఉండేది వాక్యంలోనా, సంభాషణలోనా? రాసిన మాట బొమ్మలాంటిదని, ప్రశ్నిస్తే పలకదని ప్లేటో ‘ఫీడ్రస్’లో సోక్రటీస్ ఫిర్యాదు. వేదవాక్యాల అర్థం విచారించే మన మీమాంసకులది దానికి ఎదురు పక్షం. వేదం అపౌరుషేయం, దాని ప్రామాణ్యానికి చెప్పినవాడితో పనిలేదన్నారు. ఫైల్లో స్క్రిప్ట్ రాసేవాడు తెలియకుండానే మీమాంసకుడు.

ఇలా వరుసవరుసకీ బదులిచ్చే ఇంటరాక్టివ్ మోడ్ చేర్చే ఇంజనీరుకు ఈ గొడవ చాలా మామూలు రూపంలో ఎదురవుతుంది. అవతలివాడు చెప్పడం అయిపోయిందని గుర్తుపట్టేదెలా? ఫైలుకు చివర ఉంటుంది, మాటకు ఉండదు. మాట ఇంకా పూర్తికాలేదన్న ఎదురుచూపును న్యాయశాస్త్రజ్ఞులైన నైయాయికులు ఆకాంక్ష అన్నారు. ‘ఆవును’ అని ఆపితే వినేవాడి చెవి ‘తీసుకురా’ కోసం కాచుకునే ఉంటుంది. పైథాన్‌లో ‘ఇఫ్’ వరుస కొట్టగానే బాణాల స్థానంలో మూడు చుక్కలు వస్తాయి. ఆకాంక్షకు ఇంతకంటే చక్కని లిపి దొరకదు. ఖాళీ వరుస ఇస్తేగాని అది తీరదు.

తప్పు చేస్తే స్క్రిప్ట్ అక్కడే కూలిపోతుంది. ప్రాంప్ట్ తప్పు చెప్పి మళ్లీ నిలబడుతుంది, అంతకుముందు పేరుపెట్టి దాచినవన్నీ అలాగే ఉంచి. ఇది క్షమ అనిపిస్తుంది గానీ, ఇక్కడే ఒక చిక్కుంది. ఫెర్నాండో పెరెజ్ 2001లో మొదలుపెట్టిన ఐపైథాన్ నుంచి పుట్టిన జూపిటర్ నోట్‌బుక్‌లో గళ్లను ఏ వరుసలోనైనా నడపొచ్చు. ఒక గడిని చెరిపేసినా అందులో పుట్టిన విలువ జ్ఞాపకంలో బతికే ఉంటుంది, వాసనలా. ఆ బలంతో ఇవాళ చక్కగా నడిచిన లెక్క, రేపు కొత్తగా తెరిచి మొదటినుంచి నడిపితే ఆ పేరే తెలియదంటుంది. నిన్నటి సంభాషణ వినని మూడోమనిషికి చూపాల్సి వచ్చినప్పుడు మీమాంసకుడిదే పైచేయి.

ఇంద్రుడి వైపు మొగ్గిన ఒక సంఘటన 2024 నాటిది. ఏళ్ల తరబడి పైథాన్ ప్రాంప్ట్ దగ్గర ‘ఎగ్జిట్’ అని కొడితే వెళ్లనిచ్చేది కాదు, బ్రాకెట్లు పెట్టమని పాఠం చెప్పేది. కొత్తవాళ్లకు ఒళ్లు మండేది, న్యాయంగానే. ఏం కావాలో తెలిసి కూడా చేయదేం? నిజానికి దానికేమీ తెలియదు. ‘ఎగ్జిట్’ ఒక పేరు, పేరు కొడితే దాని విలువ చూపాలన్నది నియమం, ఆ విలువ పైకి కనబడే రూపమే ఆ పాఠం. 3.13 వెర్షన్‌లో కొత్త ప్రాంప్ట్ వచ్చాక బ్రాకెట్లు లేకపోయినా ‘ఎగ్జిట్’ అంటే వెళ్లనిస్తోంది. అదే మాటను ఫైల్లో ఒంటరిగా రాస్తే మాత్రం ఇప్పటికీ ఏమీ జరగదు. పైథాన్ దాన్ని చదివి కింది వరుసకు పోతుంది.