ఏడ్చినవాణ్ణి చూసి నవ్వినవాళ్లం





2021 నవంబరు 21, ఆదివారం. గాజువాక వైపు మన చిన్న విహారం మీకు తెలుసు కదా, రేకుల షెడ్డే. బుద్ధ వందన అయింది, త్రిశరణ పంచశీలాలు చెప్పుకున్నాం, పది నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చున్నాం. తర్వాత టీ. కుర్రాళ్లు నలుగురు ఒక ఫోను చుట్టూ చేరి నవ్వుతున్నారు. నేనూ వెళ్లి తొంగి చూశాను, నేనూ నవ్వాను. దాచుకోవడం ఎందుకు, ఆ వీడియోను ముందు రోజు రాత్రే మూడు గ్రూపులకు పంపించినవాణ్ణి నేను.

ఆ వీడియోలో చంద్రబాబు నాయుడు ఏడుస్తున్నారు.

పక్కన గోడకు ఆనుకుని మా వీధి అమ్మమ్మ ఒకామె టీ ఊదుకుంటూ కూర్చుంది. కొడుకు పోయిన మనిషి. ఆమె అడిగింది: "ఏటి నాయనా, ముసిలోడు ఏడుస్తంటే మీకు నవ్వెలాగొచ్చింది?"

"అమ్మమ్మా, అదంతా డ్రామా" అన్నాడు ఒక కుర్రాడు.

"డ్రామా అయితే మరి పదిసార్లు ఎందుకెడతన్నావు?"

ఎవరూ మాట్లాడలేదు. ఆ రోజు ధమ్మ దేశన నాది. ఏం చెప్పానో నాకు గుర్తు లేదు గానీ ఆమె అడిగిన మాట మాత్రం గుర్తుంది. ఇన్నాళ్లకు ఈ చిన్న పుస్తకంలో సమ్మా వాచా గురించి రాయమన్నప్పుడు, ముందు ఆ బాకీ తీర్చాలనిపించింది.

జరిగింది ఒకసారి గుర్తుచేసుకుందాం. ఆ నవంబరు 19 శుక్రవారం. వెలగపూడిలో శాసనసభ. ప్రతిపక్ష నాయకుడుగా ఉన్న చంద్రబాబు, తన భార్య భువనేశ్వరి గారి గురించి సభలో నీచంగా మాట్లాడారని ఆరోపించి, మళ్లీ ముఖ్యమంత్రి అయ్యాకే ఈ సభలో అడుగుపెడతానని శపథం చేసి బయటికి వచ్చేశారు. తర్వాత మంగళగిరి పార్టీ ఆఫీసులో పత్రికల వాళ్లతో మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయారు. మాట రాలేదు. చేతులతో మొహం కప్పుకుని ఏడ్చారు. అప్పటికి ఆయన వయసు 71. అధికార పక్షం వాళ్లు, మేము ఆమెను ఏమీ అనలేదు, ఇదంతా సానుభూతి కోసం అన్నారు. రెండు రోజుల ముందే కుప్పం మున్సిపాలిటీ ఫలితాలు వచ్చాయి, ఆయన పార్టీ ఓడిపోయింది. అందుకే ఏడ్చాడన్నారు కొందరు. 1995 ఆగస్టులో మామగారు ఎన్టీ రామారావు పడ్డ క్షోభకు ఇది బదులు అన్నారు ఇంకొందరు. ఆయన అభిమానులు తామూ ఏడ్చారు.

తర్వాత కథ మీకు తెలిసిందే. 2024 ఎన్నికల్లో ఆయన కూటమికి 175లో 164 సీట్లు వచ్చాయి. జూన్ 21న ఆయన ముఖ్యమంత్రిగా సభలోకి వెళ్లారు. ఆ వీడియో మళ్లీ తిరిగింది, ఈసారి వీరుడి పాట కట్టి. కన్నీరు అదే. ఒక ఏడు అది డ్రామా, ఇంకో ఏడు అది శపథం. మారింది ఆయన కన్ను కాదు, మన చూపు.

ఇలాంటివి మన చుట్టూ చాలా ఉన్నాయి. అదే 2021 ఆగస్టులో, మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లా చదివిన వెంకయ్యనాయుడు గారు రాజ్యసభ అధ్యక్ష స్థానంలో కూర్చుని కంట తడి పెట్టారు. ముందు రోజు సభ్యులు అధికారుల బల్ల ఎక్కి గొడవ చేశారని, రాత్రి తనకు నిద్ర పట్టలేదని అన్నారు. పెద్దమనిషి మనసు అన్నారు కొందరు. రోడ్ల మీద కూర్చున్న రైతుల కోసం ఈ నీళ్లు ఎందుకు రాలేదు అన్నారు ఇంకొందరు. 2025 జూలై 2న లండనులో ఆర్థిక మంత్రి రేచల్ రీవ్స్ పార్లమెంటులో ప్రధాని వెనకే కూర్చుని ఏడుస్తుంటే కెమెరాలు పట్టుకున్నాయి. సొంత విషయం అని ఆమె తరఫువాళ్లు చెప్పారు. అంతే, ఆ పూటే ఆ దేశపు ప్రభుత్వ బాండ్ల మీద వడ్డీ పెరిగింది, పౌండు విలువ పడింది. మర్నాడు ప్రధాని ఆమెనే కొనసాగిస్తామని గట్టిగా చెప్పాక సర్దుకుంది. ఒక ఆడమనిషి బుగ్గ మీద నీటి చుక్కకు బజారు బెదిరిపోయింది చూడండి. ఏడిస్తే బలహీనురాలు. ఏడవకపోయి ఉంటే? రాతి గుండె అనేవారు.

ఇది కొత్త సంగతి కాదు. శ్రావస్తిలో అతులుడనే ఉపాసకుడు ఉండేవాడు. ఐదువందల మందిని వెంటబెట్టుకుని ధమ్మం వినడానికి బయల్దేరాడు. ముందు రేవత థేరుడి దగ్గరికి వెళితే ఆయన ధ్యానంలో ఉండి ఒక్క మాటా చెప్పలేదు. కోపం వచ్చింది. సారిపుత్తుడి దగ్గరికి వెళ్లారు. ఆయన లోతైన సంగతులు చాలాసేపు చెప్పాడు. బుర్రకెక్కలేదు, మళ్లీ కోపం. ఆనందుడు క్లుప్తంగా, తేలిగ్గా చెప్పాడు. ఇంతేనా అని మళ్లీ కోపం! చివరికి బుద్ధుడి దగ్గరికి వెళ్లి అందరి మీదా ఫిర్యాదు చేశారు. అతులా, ఇది ఇవాళ్టి సంగతి కాదు, ఊరుకున్నవాణ్ణీ తిడతారు, ఎక్కువ మాట్లాడినవాణ్ణీ తిడతారు, తక్కువ మాట్లాడినవాణ్ణీ తిడతారు, లోకంలో నింద పడనివాడు లేడు అన్నాడు ఆయన. అతులుడిది మన పోలికే అనిపిస్తుంది నాకు. ఆయన చేతిలో ఫోను లేదు, అంతే తేడా.

ఇక్కడ మన కుర్రాడొకడు గట్టి ప్రశ్న అడిగాడు. ఆ ఆదివారమే, అమ్మమ్మ లేచి వెళ్లిపోయాక. "తాతా, వాళ్ల కన్నీళ్ల గురించి మనకెందుకు? మన ఏడుపు ఎవడు చూశాడు?"

ఆ ప్రశ్నను పక్కకు నెట్టి ధమ్మం చెబితే అది ధమ్మం కాదు. 1985 జూలై 17న కారంచేడు. 1991 ఆగస్టు 6న చుండూరు, ఎనిమిది మంది. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014 ఏప్రిల్లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఆ తల్లులు ఆ రోజు ఏడ్చిన ఏడుపుకు ఏ బజారు బెదిరింది? ఇక్కడే మన ఊళ్లో, 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం ఉక్కు ఫ్యాక్టరీని పూర్తిగా అమ్మడానికి ఒప్పుకుంది. 1966లో 32 ప్రాణాలు పోసి తెచ్చుకున్న ఫ్యాక్టరీ అది. ఆ వార్త విన్న రాత్రి క్వార్టర్లలో, నిర్వాసితుల కాలనీల్లో మగాళ్లు ఏడ్చారు. కూర్మన్నపాలెం శిబిరంలో నేను కళ్లారా చూశాను. వాళ్లకు ఎవరూ పాట కట్టలేదు.

కాబట్టి కుర్రాడు అడిగింది న్యాయమే. పెద్దకులం నాయకుడు ఏడిస్తే రాష్ట్రమంతా చర్చ, మాలమాదిగ ఇంట్లో ఏడిస్తే అది ఆ వీధి దాటదు. ఈ తేడాను చూడకుండా ఊరికే కరుణ, కరుణ అనడం మనల్ని మోసం చేసుకోవడమే.

అయితే ఆ తేడాకు మందు మన నవ్వా? ఎవరి కన్నీళ్లకు విలువుందో, ఎవరివి లేవో తేల్చే తక్కెడ మనువు చేతిలో ఉండేది. మనం నాగపూరు దీక్షాభూమి దారి పట్టింది దాన్ని పారేయడానికి. తిరగేసి మన చేత్తో పట్టుకోవడానికి కాదు. బాబాసాహెబ్ 'బుద్ధుడు, ఆయన ధమ్మం'లో కరుణ దగ్గరే ఆగలేదు. కరుణ మనుషుల మీద, మైత్రి ప్రాణమున్న ప్రతిదాని మీదా అన్నారు. మైత్రి అంటే ఓటు కాదు. ఆయన ఏడ్చాడని ఆయన పాలనను మెచ్చుకోనక్కర్లేదు, భూముల లెక్కలు అడగడం మానక్కర్లేదు, ఉక్కు ఫ్యాక్టరీ మాటెత్తడం మానక్కర్లేదు. ఏడుస్తున్న మనిషి మొహాన్ని ఆటబొమ్మ చేయకుండా ఉంటే చాలు. అంత చిన్న పని. అదీ చేయలేకపోయాను నేను.

మన వాళ్లు ఏడవలేదా? బాబాసాహెబ్ ఏడ్చారు. 1917 సెప్టెంబరులో బరోడాలో, కొలంబియాలో చదివొచ్చిన మనిషికి కులం తెలిశాక ఉండటానికి చోటు ఇచ్చినవాడు లేడు. తోటలో చెట్టు కింద కూర్చుని ఏడ్చారు. 1951 అక్టోబరులో మంత్రి పదవికి రాజీనామా ఎందుకు చేశారో సభలో చెప్పబోతే, ముందు కాగితం చూపించమన్నారు. ఒప్పుకోక లేచి వచ్చేశారు. అదీ కోపమే, అదీ పనిచేసే చోటే. 1956 జూలై 31న, ఇంక నాలుగు నెలలే బతుకుందనగా, తన వాళ్లను పాలించే స్థానంలో చూడలేకపోయాననీ, చదువుకున్నవాళ్లు మోసం చేశారనీ చెబుతూ కన్నీళ్లు పెట్టుకున్నారని దగ్గరుండి సేవ చేసిన నానక్ చంద్ రత్తు రాశారు. ఆ గదిలో ఫోను పట్టుకున్నవాడు ఉండి ఉంటే? ఆయన వ్యతిరేకులు దాన్ని ఏం చేసేవారో ఆలోచించండి. ఆ ఆలోచన వచ్చాకే నాకు నా నవ్వు మీద అసహ్యం వేసింది.

కుశీనారలో బుద్ధుడు చివరి పడక మీద ఉన్నప్పుడు ఆనందుడు కనబడలేదు. ఎక్కడ అని అడిగితే, విహారంలోకి వెళ్లి తలుపు పట్టుకుని ఏడుస్తున్నాడని భిక్ఖులు చెప్పారు. పాతికేళ్లు వెంట తిరిగినవాడు, అనిత్యం గురించి వేలసార్లు విన్నవాడు ఇంతేనా అని బుద్ధుడు అనలేదు. పిలిపించుకున్నాడు. పుట్టినదేదైనా పోకుండా ఉండదని నేను చెప్పాను కదా అని గుర్తుచేశాడు. నువ్వు నాకు మనసారా సేవ చేశావు, ప్రయత్నం విడవకు, నువ్వూ త్వరలో విముక్తుడివవుతావు అన్నాడు. అంతటితో ఊరుకోక, భిక్ఖులందరి ముందూ ఆనందుడి మంచి గుణాలు ఎంచి చెప్పాడు. ఏడ్చినవాడి పరువు నలుగురిలో తగ్గకూడదని కాబోలు. విశాఖ మనవరాలు పోయి తడి బట్టలతో, తడి జుట్టుతో వచ్చినప్పుడూ అంతే. ఈ వేళప్పుడు ఈ తడితో ఎక్కణ్నించి వస్తున్నావు అని ముందు అడిగాడు, ధమ్మం తర్వాత. (మన ఊరి పేరులోనూ ఆ పేరు వినబడుతుంది. రెండింటికీ చుట్టరికం కలపను గానీ, వినబడితే నాకు ఇష్టం.)

ఇంకొక మాట చెప్పాలి, ఇదే నాకు పెద్దగా కనబడుతుంది. ఆ గొడవంతా ఆయన కన్నీళ్లు నిజమా, అబద్ధమా అని సాగింది. ఆ సభలో లేని, ఎవరినీ ఏమీ అనని ఒక ఆడమనిషి పేరు మధ్యలోకి వచ్చింది కదా, ఆమె సంగతి? సభలో ఎవరు ఏం అన్నారో, అనలేదో ఆ తగువు నేను తీర్చను. కానీ మగాడి మీద కోపం వస్తే అతని భార్య మీద, తల్లి మీద, అక్క మీద పడటం శాసనసభ కనిపెట్టింది కాదు. మన వీధి కొళాయి దగ్గర వినండి. మన కుర్రాళ్ల క్రికెట్ దగ్గర వినండి. జై భీమ్ అని పలకరించుకుని, అర నిమిషంలో "నీయమ్మ" అంటాం, అదీ నవ్వుతూ. ఉదయం నాలుగో శీలం పాళీలో చెప్పిన నోరే. అబద్ధం, చాడీ, పరుషం, పనికిరాని మాట, నాలుగూ విడిచిపెట్టడమే సమ్మా వాచా. మనం మొదటిదాన్ని పట్టుకుని మూడోదాన్ని వదిలేశాం. బూతు తిట్టినా అబద్ధం ఆడలేదుగా అని సరిపెట్టుకుంటున్నాం.

నా సంగతి చెప్పి ఆపుతాను. కళాసీ పని చేసే రోజుల్లో, ఒక రాత్రి షిఫ్టులో గొలుసు జారి నా జోడీవాడు పోయాడు. తెల్లారాక వాడి క్యారేజీ గిన్నె కనబడింది, మూత తీయలేదు. అక్కడే కూలబడి ఏడ్చాను. మేస్త్రీ చూసి "మొగోడివై ఏడుపేట్రా" అన్నాడు. అంతే, ఆ రోజు నుంచి ఏడుపుగొట్టు అని పేరు పడింది. పన్నెండేళ్లు ఆ పేరుతో పిలిచారు. జోడీవాడు పోయిన బాధ ఒక బాణం. బుద్ధుడు చెప్పిన రెండో బాణం మనమే మన గుండెలోకి దింపుకునేది. నాకు మాత్రం దాన్ని చేతికి అందించినవాళ్లు ఉన్నారు. ఆ పేరు మోసినవాణ్ణి, ముప్పై ఏళ్ల తర్వాత ఇంకో మనిషికి నేనే అందించాను, మూడు గ్రూపుల్లో.

తర్వాతి ఆదివారం అమ్మమ్మ దగ్గరికి వెళ్లి చెప్పాను, ఆ వీడియో తీసేశానని. ఆమె పట్టించుకోలేదు. "టీలో పంచదార తక్కువైంది, చూడు" అంది. కుర్రాళ్లు నలుగురిలో ఇద్దరు ఆ రోజు ఫోన్లు చెప్పుల దగ్గర పెట్టి లోపలికి వచ్చారు. మిగిలిన ఇద్దరూ రాలేదు. వాళ్ల ఇళ్లకు నేను ఇంకా వెళ్లాల్సి ఉంది.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.