ఒక్క భుజం మీది కావడి

జైపూర్‌లో 1200 మెగావాట్ల సింగరేణి విద్యుత్ కేంద్రం, గోదావరి దాటితే గోదావరిఖని బొగ్గు బావులు. ఈ నేలంతా షిఫ్టుల లెక్కన బతుకుతుంది. ఒకరు డ్యూటీ దిగితే ఇంకొకరు ఎక్కుతారు. చట్టం ప్రకారం గనిలో ఎవరితోనూ వారంలో ఆరు రోజులకు మించి పని చేయించకూడదు. అదే కార్మికుడి ఇంట్లో సెరిబ్రల్ పాల్సీ ఉన్న కొడుకును ఎత్తి, తినిపించి, రాత్రిళ్లు పక్క మార్చే తల్లికి మాత్రం డ్యూటీ దిగడమన్నది లేదు.

నాలుగు రోజులు ఎవరికైనా అప్పగించి తమ్ముడి పెళ్లికి వెళ్లాలనుకుంటే, ఖర్చు కన్నా ముందు మాట అడ్డుపడుతుంది. "కన్నబిడ్డను పరాయోళ్ల చేతుల పెట్టి పోతవా?" ఆ వెనకే ఇంకోటి: పూర్వజన్మ కర్మ, అనుభవించాల్సిందే.

గనిలో పైకప్పు కూలి కాలు విరిగినవాణ్ణి కర్మ అని ఎవరూ వదిలేయరు. ఆసుపత్రికి మోసుకెళ్తారు, పరిహారం కోసం యూనియన్ కదులుతుంది. కర్మ సిద్ధాంతం తల్లి దగ్గరికి వచ్చేసరికే ఎందుకంత కఠినమవుతుంది?

సేవాధర్మం అనగానే అంధులైన తల్లిదండ్రులను కావడిలో మోసిన శ్రవణకుమారుడు గుర్తొస్తాడు. వాల్మీకి అయోధ్యకాండలో ఆ మునికుమారుడికి పేరూ లేదు, కావడీ లేదు. అవి తర్వాత జనం నోట చేరినవి. కథను ఎలా చెప్పినా నీళ్లకు వెళ్లింది అతనొక్కడే. దశరథుడి బాణానికి అతను కూలాక ఆ అంధ దంపతులు కూడా బతకలేదు. ఆ కొడుకు భక్తికి దండం పెట్టాల్సిందే. కానీ మూడు ప్రాణాలూ ఒక్క భుజం మీదే ఉండటం ఎంత ప్రమాదమో కూడా ఆ కథలోనే ఉంది. అతిగా మేలుకుని ఉండేవాడికి యోగం సిద్ధించదని గీత ఆరో అధ్యాయం చెబుతుంది. ఆ మాట తల్లికి వర్తించదా?

"నా తర్వాత వీణ్ణెవరు చూస్తరు?" ఇలాంటి ఇళ్లలో అసలు భయం ఇదే. తల్లి ఉండగానే, ఏడాదికి కొన్ని రోజులైనా బిడ్డ ఇంకొకరి చేతి ముద్దకు అలవాటు పడితే ఆ భయం కొంత తగ్గుతుంది. బిడ్డకూ అమ్మ కాక ఇంకో నలుగురు మనుషులు కావాలి. అందుకే ఈ తాత్కాలిక సంరక్షణను తల్లి సెలవుగా మాత్రమే చూడటం పొరపాటు.

చట్టం ఈ సంగతి ఎప్పుడో గుర్తించింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారి కోసం 1999లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టం, కుటుంబం సంక్షోభంలో ఉన్నప్పుడు సేవలందించే సంస్థలకు అండగా నిలవాలంటుంది. తాత్కాలిక వసతికి 'సమర్థ్', సంరక్షకుల శిక్షణకు 'సహయోగి' పథకాలు ఆ ట్రస్టు తెచ్చినవే. సంరక్షకులకు ఇలాంటి విరామం ఇచ్చేందుకే అమెరికా 2006లో విడిగా చట్టం చేసింది.

బొగ్గు బెల్టులో ఇలాంటి ఏర్పాటు సాధ్యమయ్యే పనే. సింగరేణికి క్వార్టర్లు, ఆసుపత్రులు ఉన్నాయి. కార్మిక కుటుంబాల మహిళలకు వృత్తి శిక్షణ ఇచ్చే సేవా సమితి ఉంది. కంపెనీల చట్టం కింద సామాజిక బాధ్యత నిధులూ ఉన్నాయి. రెండు క్వార్టర్లు, మూడు షిఫ్టులకూ శిక్షణ పొందిన మనుషులు, పిలిస్తే వచ్చే నర్సు ఉంటే మొదలుపెట్టొచ్చు. బిడ్డకు ఏ పక్కకు పడుకుంటే నిద్రపడుతుందో, ఫిట్స్ వస్తే ఏ మందు వేయాలో వాళ్లకు నేర్పేది ఆ తల్లే. ఆ నేర్పినందుకు ఆమెకూ వేతనం కట్టాలి.